బేస్‌బాల్ కామెంటరీ: టీవీ మ్యూట్ చేసే ముందు

అడిగిన ప్రశ్న ఇది: "డాలస్ వచ్చి రెండేళ్లయింది. ఆఫీసులో అందరూ రేంజర్స్ అభిమానులు, వాళ్లతో పాటు నేనూ బేస్‌బాల్ చూడటం మొదలుపెట్టాను. ఒక రోజు మంచి మ్యాచ్ కూడా విసుగ్గా ఉంటుంది. ఇంకో రోజు ఏమీ జరగని మ్యాచ్‌ని కూడా చివరిదాకా కూర్చుని చూసేస్తాను. ఇది కామెంటేటర్ల వల్లేనా? మా టీమ్ లీడ్ టీవీ మ్యూట్‌లో పెట్టి చూడమంటున్నాడు. అది మంచి పనేనా?"

చాలావరకు కామెంటేటర్ల వల్లే. మ్యూట్ మాత్రం పెట్టకండి.

నేను లాస్ ఏంజిలిస్ దగ్గర ఉంటాను. పదిహేడేళ్లుగా ఆటల ప్రసారాల్లో సౌండ్ పని చేస్తున్నాను. స్టేడియం వెనక ఒక పెద్ద ట్రక్కు నిలబడి ఉంటుంది. దానిలో కూర్చుని బ్యాటర్ దగ్గరి మైకు, జనం గోల పట్టే మైకులు, కామెంటేటర్ల హెడ్‌సెట్లు అన్నీ కలిపి మీ ఇంటికి పంపడం మా పని. బొమ్మ వైపు చూసే తీరిక మాకు తక్కువ. చెవులతోనే మ్యాచ్ చూస్తాం. అందుకే ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయాలున్నాయి.

ముందు బేస్‌బాల్ లెక్క ఒకటి చెప్పాలి. మ్యాచ్ రెండున్నర గంటలకు పైనే సాగుతుంది. అందులో బంతి నిజంగా కదిలే సమయం, మనుషులు పరిగెత్తే సమయం అన్నీ కూడితే ఇరవై నిమిషాల లోపే. మిగతాదంతా ఖాళీ. బంతి వేసే పిచర్, బ్యాటర్ వెనక దాన్ని పట్టుకునే క్యాచర్ వైపు చూస్తాడు, తల అడ్డంగా ఊపుతాడు, మళ్లీ చూస్తాడు. బ్యాటర్ బయటికి వచ్చి చేతి తొడుగులు బిగించుకుంటాడు. ఆ ఖాళీలో మీ కళ్లు ఎటు చూడాలి, మనసు దేని గురించి ఆలోచించాలి అన్నది కామెంటేటర్ చేతిలో ఉంటుంది. "షార్ట్‌స్టాప్ రెండడుగులు ఎడమకి జరిగాడు చూడండి" అని రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్ గురించి ఒక్క మాట అంటే ఆ ఖాళీ మీకు ఖాళీ కాదు, ఏదో జరగబోతోందన్న టెన్షన్. అదే సమయంలో ఇద్దరు కామెంటేటర్లు నిన్న రాత్రి తిన్న భోజనం గురించి మాట్లాడుకుంటే ఆ ఖాళీ ఖాళీగానే ఉండిపోతుంది. మీ చేయి ఫోన్ మీదకి పోతుంది.

బంతికీ బంతికీ మధ్య ఖాళీ క్రికెట్‌లోనూ ఉంది కదా అంటారేమో. ఉంది. కానీ ఐపీఎల్‌లో ఏ జట్టుకీ సొంత కామెంటేటర్లు ఉండరు. ఇక్కడ అలా కాదు. ముప్ఫై జట్లకూ ఎవరి కామెంటేటర్లు వాళ్లకున్నారు. సీజన్‌లో ఒక్కో జట్టు ఆడేది 162 మ్యాచ్‌లు. అంటే మార్చి చివర నుంచి సెప్టెంబర్ చివరిదాకా దాదాపు ప్రతి రాత్రీ అదే గొంతు మీ హాల్లో వినిపిస్తుంది. సొంత అన్నదమ్ములతో కూడా మనం ఏడాదికి అన్నిసార్లు మాట్లాడం. అలాంటి గొంతు నచ్చకపోతే ఎంత ఇబ్బందో, నచ్చితే ఎంత తోడో మీరే ఊహించుకోండి.

నా దృష్టిలో ఈ ఖాళీని వాడుకోవడంలో విన్ స్కల్లీ గారిని మించినవాళ్లు లేరు. 1950లో బ్రూక్లిన్‌లో మొదలుపెట్టి, జట్టుతో పాటే లాస్ ఏంజిలిస్ వచ్చి, 2016 దాకా 67 సీజన్లు డాడ్జర్స్ ఆటలు చెప్పారు. ఆయన గొప్పతనం మాటల్లో ఉందని అందరూ అంటారు. నేను మాత్రం మౌనంలో ఉందంటాను.

1988 అక్టోబర్ 15, సీజన్ విజేతని తేల్చే వరల్డ్ సిరీస్‌లో మొదటి మ్యాచ్, డాడ్జర్ స్టేడియం. తొమ్మిదో ఇన్నింగ్స్, మామూలుగా అదే చివరిది. ముగ్గురు అవుటైతే ముగిసినట్టే, ఇద్దరు అవుటయ్యారు, ఓక్లాండ్ 4-3తో ముందుంది. బంతి డెన్నిస్ ఎకర్స్‌లీ చేతిలో ఉంది. చివరి ఇన్నింగ్స్ కాపాడటంలో ఆ ఏడాది అతనికి తిరుగులేదు. డాడ్జర్స్ తరఫున కర్క్ గిబ్సన్ కుంటుకుంటూ వచ్చాడు. రెండు కాళ్లకూ దెబ్బలే, సరిగా నడవలేకపోతున్నాడు. మూడు బాల్స్, రెండు స్ట్రైక్‌లు, ఇంకొక్క స్ట్రైక్ పడితే అవుటే అన్నప్పుడు బ్యాట్ ఊపాడు. బంతి కుడివైపు జనంలోకి వెళ్లిపోయింది. హోమ్ రన్, మన సిక్సర్ లాంటిది. ఎన్‌బీసీ టీవీలో మైకు ముందున్న స్కల్లీ గారు "ఎత్తుగా లేచింది, రైట్ ఫీల్డ్ వైపు, వెళ్లిపోయింది" అన్న అర్థం వచ్చేలా నాలుగు మాటలన్నారు. అంతే, నిమిషం పైగా నోరు మెదపలేదు. గిబ్సన్ పిడికిలి వెనక్కి గుంజుకుంటూ బేస్‌ల చుట్టూ తిరుగుతున్నాడు, జనం ఊగిపోతున్నారు, దేశమంతా ఆ హోరు మాత్రమే విన్నది. అప్పుడు, నమ్మశక్యం కాని ఈ ఏడాదిలో అసాధ్యం కూడా జరిగిపోయిందని ఒక్క వాక్యం చెప్పి ఊరుకున్నారు.

ఆ నిమిషం ఆయన మాట్లాడి ఉంటే ఏం చెప్పేవారు? స్కోరు ఎంత, ఎన్నో హోమ్ రన్, ఎవరి రికార్డు? ఏది చెప్పినా దండగే. మా పనిలో ఉన్నవాళ్లకి ఆ నిమిషం ఒక పాఠం. కామెంటేటర్ ఆగాడంటే సౌండ్ చూసేవాడి వేళ్లు జనం ఫేడర్ మీదకి, అంటే జనం గోలని పెంచి తగ్గించే మీట మీదకి వెళ్లాలి, మెల్లగా పైకి తోయాలి. ఇద్దరిలో ఎవరు తొందరపడినా చెడిపోతుంది. నేను మొదటిసారి ఒక పెద్ద హోమ్ రన్‌కి అలా ఫేడర్ తోసినప్పుడు, హెడ్‌ఫోన్లలో నలభై వేల గొంతులు ఒక్కసారిగా విచ్చుకున్నాయి. ఒళ్లంతా జలదరించింది.

స్కల్లీ గారికి జనం గోల మీద ఆ ప్రేమ చిన్నప్పటిదే. ఎనిమిదేళ్ల వయసులో, ఇంట్లో ఉన్న నాలుగు కాళ్ల పెద్ద రేడియో కిందకి దిండు వేసుకుని దూరేవారట. అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ వస్తుంటే జనం అరుపు స్పీకర్లోంచి నీళ్లలా తన మీద కురిసేదని ఆయనే చెప్పేవారు. 1974లో హ్యాంక్ ఆరన్ 715వ హోమ్ రన్ కొట్టి బేబ్ రూత్ రికార్డు దాటినప్పుడు కూడా ముందు చాలాసేపు జనానికే వదిలేశారు. తర్వాతే మాట్లాడారు: దక్షిణాది రాష్ట్రంలో ఒక నల్లజాతి మనిషికి జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు, ఇది దేశానికి ఎంత గొప్ప క్షణమో చూడండని. అంకెల వెనక ఉన్న చరిత్రని రెండు వాక్యాల్లో అందించారు.

ఇది టీవీ సంగతి. రేడియోలో మౌనం కుదరదు, అక్కడ గొంతు ఆగితే ఆటే ఆగిపోతుంది. టీవీలో కూర్చుని రేడియోలా గుక్కతిప్పుకోకుండా మాట్లాడేవాళ్లే మీకు విసుగు తెప్పిస్తున్నది. కానీ తప్పు ఎప్పుడూ వాళ్లదే అనుకోకండి. కొన్నేళ్ల క్రితం ఒక ప్రసారంలో పనిచేశాను, ఎవరిదో చెప్పను. కామెంటేటర్ ఒక కుర్రాడు, మంచి చెవి ఉన్నవాడు, ఎక్కడ ఆగాలో తెలిసినవాడు. అతని చెవిలో ప్రొడ్యూసర్ మ్యాచ్ పొడవునా "ఆగకు, మాట్లాడు, ఏదో ఒకటి చెప్పు" అంటూనే ఉన్నాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ పడింది. కుర్రాడు ఒక్క క్షణం ఆగాడు, నేను జనం సౌండ్ పెంచుతున్నాను, ఈలోగా చెవిలో మళ్లీ గదమాయింపు. అతను బ్యాటర్ గణాంకాలు చదవడం మొదలుపెట్టాడు. ఫేడర్ వెనక్కి లాగేశాను. ఆ రాత్రి ఆ ఊళ్లో ఎన్ని ఇళ్లలో ఆ ఆనందం సగంలో తెగిపోయిందో! ఇప్పటికీ గుర్తొస్తే బాధగా ఉంటుంది.

ఇక రెండో కుర్చీ. స్కల్లీ గారు డాడ్జర్స్ టీవీ ప్రసారాల్లో ఒక్కరే కూర్చునేవారు కానీ మిగతా దాదాపు అందరూ ఇద్దరు ముగ్గురుగా కూర్చుంటారు. ఒకరు జరిగేది చెప్తే, ఒకప్పుడు ఆడినవాళ్లు ఎందుకు జరిగిందో చెప్తారు. ఎందుకు జరిగిందో చెప్పడం మంచిదే, ఏం జరగబోతోందో ముందే చెప్పగలిగితే ఇంకా మంచిది. దానికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ 2001 నవంబర్ 4, వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్, అంటే ఆఖరిది.

ఆరిజోనా, న్యూయార్క్ యాంకీస్ చెరో రెండు పరుగుల మీద ఉన్నాయి. తొమ్మిదో ఇన్నింగ్స్ రెండో సగం, ఒక్కరే అవుట్, మూడు బేస్‌ల మీదా పరుగుకి సిద్ధంగా ఆరిజోనా మనుషులున్నారు. బంతి యాంకీస్ పిచర్ మారియానో రివేరాది. ఒక్క పరుగు వస్తే సిరీస్ అయిపోయినట్టే కాబట్టి యాంకీస్ ఇన్‌ఫీల్డర్లని, అంటే బేస్‌ల దగ్గర నిలబడే ఫీల్డర్లని, ముందుకి పిలిచారు. బ్యాటర్ లూయిస్ గొంజాలెజ్, ఎడమచేతి వాటం. ఫాక్స్‌లో కామెంటరీ చెప్తున్న టిమ్ మెక్‌కార్వర్ ఒకప్పటి క్యాచర్. ఆయన అన్న మాట సారాంశం ఇది: రివేరా బంతి ఎడమచేతి వాళ్ల మీదకి లోపలికి కోసుకుంటూ వస్తుంది, బ్యాట్ పిడి దగ్గర తగులుతుంది, అలాంటి బంతులు ఇన్‌ఫీల్డ్ దాటి దగ్గర్లోనే పడుతుంటాయి, ఫీల్డర్లని ముందుకి తెస్తే వచ్చే ప్రమాదమే అది. వెంటనే పడిన బంతికి సరిగ్గా అదే జరిగింది. గొంజాలెజ్ బ్యాట్ పిడి దగ్గర తగిలిన బంతి షార్ట్‌స్టాప్ డెరెక్ జీటర్ తల మీదుగా వెళ్లి గడ్డి మీద మెత్తగా పడింది. మామూలు చోట నిలబడి ఉంటే జీటర్‌కి అది సులువైన క్యాచ్. ఆరిజోనా 3-2తో గెలిచింది.

మెక్‌కార్వర్ ఆ మాట అనకపోయినా ఆ బంతి అక్కడే పడేది. కానీ చూస్తున్న కోట్లమందిలో సగంమంది "అదృష్టం" అనుకుని ఊరుకునేవాళ్లు. ఆయన చెప్పడం వల్ల అది అదృష్టం కాదనీ, ఒక నిర్ణయానికి చెల్లించిన మూల్యమనీ అందరికీ అర్థమైంది. మంచి కామెంటేటర్ మనల్ని తెలివైనవాళ్లని చేస్తాడు. మ్యాచ్ అయ్యాక మీ ఆఫీసులో ఎవరికైనా ఆ విషయం మీరు చెప్పగలిగితే ఆ ఆనందం రెండింతలు.

మాటలతో ఆటని నిజంగా ఉన్నదానికన్నా వేడిగా చూపించవచ్చన్నది కూడా నిజం. 1977లో అమెరికా పరిశోధకులు కొందరు, జెన్నింగ్స్ బ్రయంట్, డాల్ఫ్ జిల్‌మన్ వాళ్లలో ఉన్నారు, ఐస్ హాకీ ముక్కలు చూపించి ఒక ప్రయోగం చేశారు. మామూలుగా సాగుతున్న ఆటకి "ఎంత మోటుగా కొట్టుకుంటున్నారో" అన్నట్టు కామెంటరీ జోడిస్తే, చూసినవాళ్లకి ఆట నిజంగానే మోటుగా కనబడింది, ఎక్కువ సరదాగానూ అనిపించింది. 1982లో టెన్నిస్‌తో మరొకటి చేశారు. ఇద్దరు ఆటగాళ్లకీ పడదని కామెంటేటర్ చెప్తే, అదే మ్యాచ్‌ని జనం ఎక్కువ ఇష్టంగా చూశారు. అంటే మన కళ్లు చెవుల మాట వింటాయి. ఇది చదివే కొందరు ప్రొడ్యూసర్లు ప్రతిదానికీ అరవమంటారు. ఒక్క మ్యాచ్ అయితే ఆ కిటుకు పనిచేస్తుంది. ఏప్రిల్‌లో ఒక మామూలు ఫ్లై బాల్‌కి గొంతు చించుకున్నవాడిని ఆగస్టులో ఎవరు నమ్ముతారు? బేస్‌బాల్‌లో కామెంటేటర్ గొంతు ఒక కొలబద్ద లాంటిది. వంటింట్లో ఉన్న మనిషి కూడా ఆ గొంతు పెరిగిందంటే గరిటె వదిలేసి హాల్లోకి పరిగెత్తుకు రావాలి. ఊరికే పెంచితే రెండోసారి రారు.

నమ్మకం అన్నాను కాబట్టి బాల్టిమోర్ సంగతి చెప్పకుండా ఉండలేను. జాన్ మిల్లర్ 1983 నుంచి అక్కడ ఓరియోల్స్ ఆటలు చెప్పేవాడు. ఊరంతా ఇష్టపడే గొంతు. ఉన్నదున్నట్టు చెప్తాడు, జట్టు చెత్తగా ఆడితే చెత్తగా ఆడిందనే అంటాడు. జట్టు యజమానికి అది నచ్చలేదు, జట్టు రంగులైన నారింజ, నలుపు ఒంట్లో పారే మనిషి కావాలనుకున్నాడు. 1996 సీజన్ తర్వాత మిల్లర్ వెళ్లిపోవలసి వచ్చింది. మరుసటి ఏడాదే శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ ఆయన్ని తీసుకుంది, 2010లో కామెంటేటర్లకిచ్చే ఫోర్డ్ ఫ్రిక్ పురస్కారం వచ్చింది. బాల్టిమోర్ పోగొట్టుకున్నది శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్లకి దొరికింది.

అదే ఊళ్లో 2023లో మళ్లీ అలాంటిదే. జట్టు అద్భుతంగా ఆడుతోంది, ఆ ఏడాది 101 మ్యాచ్‌లు గెలిచింది. జులైలో టాంపా బేలో మ్యాచ్‌కి ముందు కామెంటేటర్ కెవిన్ బ్రౌన్, ఇదివరకు కొన్నేళ్లు ఈ మైదానంలో మనవాళ్లకి గెలుపే గగనంగా ఉండేది, ఈసారి చూడండి ఎంత మారిపోయిందో అన్న ధోరణిలో మాట్లాడాడు. అంకెలు తెర మీద కూడా వేశారు. అది నిజానికి జట్టుకి పొగడ్త. అయినా అతన్ని కొన్నాళ్లు కామెంటరీ నుంచి పక్కన పెట్టారు. ఆ వార్త ఆగస్టులో బయటికి రాగానే పక్క జట్ల కామెంటేటర్లు తమ ప్రసారాల్లోనే తప్పుపట్టారు. న్యూయార్క్ మెట్స్ కామెంటేటర్ గ్యారీ కోహెన్ అయితే చాలా ఘాటుగా మాట్లాడాడు. బాల్టిమోర్ స్టేడియంలో జనం "కెవిన్ బ్రౌన్‌ని వదలండి" అని నినాదాలు చేశారు. కొద్ది రోజులకే అతను తిరిగొచ్చాడు. ఒక కామెంటేటర్ కోసం అభిమానులు సొంత జట్టు యాజమాన్యం మీద తిరగబడ్డారంటే ఆ గొంతు వాళ్లకి ఏమవుతుందో అర్థం చేసుకోవచ్చు. తమ జట్టు గురించి కమ్మగా చెప్పమని అభిమానులు అడగడం లేదు, నిజం చెప్పమంటున్నారు. ఓడిపోతున్న రోజు నిజం చెప్పినవాడు గెలిచిన రోజు పొగిడితేనే ఆ పొగడ్తకి విలువ.

పక్షపాతం మాత్రం వేరే సంగతి. షికాగో వైట్ సాక్స్‌కి హాక్ హ్యారెల్సన్ అని ఒక ఆయన ఉండేవాడు. సొంత జట్టు హోమ్ రన్ కొడితే ఆయన గొంతులో పండగే. అవతలి జట్టు కొడితే పూర్తిగా మౌనం. 2012లో ఒక అంపైర్ నిర్ణయం మీద లైవ్‌లో ఎంతగా మండిపడ్డాడంటే, లీగ్ పెద్దలు ఆయనతో మాట్లాడవలసి వచ్చింది. బయటివాళ్లు ఆయన్ని భరించలేకపోయేవాళ్లు, సొంత ఊరివాళ్లు నెత్తిన పెట్టుకున్నారు. ఆయన ఏ వైపు ఉన్నాడో దాచలేదు. దాచనంతవరకు నాకూ అభ్యంతరం లేదు. అవతలి జట్టు అభిమాని అయితే వాళ్ల ప్రసారం వాళ్లకుంది.

తోడు అన్నది కూడా చిన్న విషయం కాదు. 2007 ఏప్రిల్, బోస్టన్‌లో రెడ్ సాక్స్ మ్యాచ్. ఎడమ వైపు గోడ దగ్గర జనంలోకి ఒక ఫౌల్ బంతి వెళ్లింది. ఆ గలాటాలో ఒక ప్రేక్షకుడు ఇంకో ప్రేక్షకుడి మీదకి పిజ్జా ముక్క విసిరాడు. కామెంటేటర్లు డాన్ ఓర్సిల్లో, జెరీ రెమీ ఆ రీప్లేని ఒక ఆట ఎత్తుగడని విశ్లేషించినట్టు ఆపి ఆపి విశ్లేషించడం మొదలుపెట్టారు. "ఇదిగో పిజ్జా వస్తోంది" అంటూ రెమీ నవ్వు ఆపుకోలేకపోయాడు, ఓర్సిల్లోకి మాట పెగల్లేదు. ఆ రోజు ఎవరు ఎన్ని పరుగులు కొట్టారో బోస్టన్ వాళ్లలో చాలామందికి గుర్తుండదు, ఆ నవ్వు గుర్తుంది. 2015లో ఓర్సిల్లోని ఛానల్ తీసేస్తుందని తెలిసినప్పుడు వేలకొద్దీ అభిమానులు వద్దని సంతకాలు పెట్టారు. అయినా పంపేశారు, ఆయన శాన్ డియేగో వెళ్లాడు. రెమీ 2021లో క్యాన్సర్‌తో పోయాడు. ఆ వీడియోని ఇప్పటికీ వెతుక్కుని చూసేవాళ్లున్నారు. ఏమీ జరగని మ్యాచ్‌ని మీరు చివరిదాకా చూశానన్నారే, నాకు తెలిసి ఆ రాత్రి మీకు దొరికింది ఇలాంటి ఇద్దరు మనుషుల కబుర్లే.

ఇందుకే ప్లేఆఫ్స్ మొదలై దేశం మొత్తానికి ఒకే ప్రసారం వచ్చినప్పుడు ప్రతి ఊరివాళ్లూ గొడవపెడతారు. ఫాక్స్‌లో ఏళ్ల తరబడి వరల్డ్ సిరీస్ చెప్పిన జో బక్ తమ జట్టంటే గిట్టనివాడని దాదాపు ప్రతి జట్టు అభిమానీ నమ్మాడు. అన్ని జట్లూ ఒకరికే గిట్టకపోవడం అయ్యే పని కాదు. ఆరు నెలలు సొంత మనిషి గొంతు విన్న చెవికి మధ్యస్థుడి గొంతు శత్రువు గొంతులా వినబడుతుంది, అంతే. అదే జో బక్ 2011లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ ఆటగాడు డేవిడ్ ఫ్రీస్ పదకొండో ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ కొట్టి సిరీస్‌ని ఏడో మ్యాచ్‌కి లాక్కెళ్లినప్పుడు "రేపు రాత్రి కలుద్దాం" అన్నాడు. సరిగ్గా ఇరవై ఏళ్ల క్రితం, 1991లో, అలాంటి సందర్భంలోనే వాళ్ల నాన్న జాక్ బక్ అన్న మాట అది. జాక్ బక్ ఏళ్ల తరబడి కార్డినల్స్ గొంతు. ఆ ఊరివాళ్లకి ఆ ఒక్క మాటలో రెండు తరాలు వినిపించాయి.

2020 సంగతి వేరు. కోవిడ్ వల్ల సీజన్ 60 మ్యాచ్‌లకి కుదించారు, స్టేడియంలో జనం లేరు. వీడియో గేమ్ కోసం రికార్డు చేసిన జనం గోలని బటన్లు నొక్కుతూ కలిపారు. బయటి ఊళ్లో మ్యాచ్ అయితే కామెంటేటర్లు వెళ్లలేదు, సొంత స్టేడియంలో టీవీలు పెట్టుకుని చూస్తూ చెప్పారు. బంతి గాల్లోకి లేచినప్పుడు కామెంటేటర్ చూసేది బంతిని కాదు, దాని కింద పరిగెత్తే ఫీల్డర్‌ని. వాడి నడకని బట్టి అది హోమ్ రనా, క్యాచా అని ముందే తెలుస్తుంది. కెమెరా బంతి మీదుంటే ఫీల్డర్ కనబడడు. ఆ ఏడాది ఎంతో అనుభవం ఉన్నవాళ్లు కూడా మామూలు క్యాచ్‌లకి గొంతు పెంచేశారు, నిజమైన హోమ్ రన్‌లకి వెనకబడ్డారు. ఇంట్లో కూర్చున్న అభిమానికి కారణం తెలియదు, ఏదో తేడాగా ఉందని మాత్రం తెలుస్తుంది.

2023లో పిచ్ క్లాక్ వచ్చింది. బేస్‌ల మీద ఎవరూ లేకపోతే పిచర్ 15 సెకన్లలో బంతి వేయాలి. మ్యాచ్ సగటున మూడు గంటల పైనుంచి రెండు గంటల నలభై నిమిషాలకి తగ్గింది. ఆటకి ఇది మంచిదే, నాకూ నచ్చింది. కానీ స్కల్లీ గారు ఒక బ్యాటర్ తాతగారి కథ మొదలుపెట్టి, మధ్యలో నాలుగు పిచ్‌లు చెప్తూ, ఇన్నింగ్స్ ముగిసేలోగా కథ కంచికి చేర్చేవారే, ఆ పని ఇప్పుడు చాలా కష్టం. ఉన్న కాస్త ఖాళీలోకి బెట్టింగ్ కూడా దూరింది. 2018లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత చాలా రాష్ట్రాలు ఆటల మీద పందేలకి అనుమతిచ్చాయి. ఇప్పుడు కొన్ని ప్రసారాల్లో కామెంటేటర్లే పందెం రేట్లు చదువుతున్నారు. నాకు ఇది అస్సలు నచ్చదు. నిన్నటిదాకా ఆట మీద ప్రేమతో మాట్లాడిన గొంతు డబ్బు పెట్టమంటే, తర్వాత ఆ గొంతు ఏం చెప్పినా అనుమానమే కదా.

ఇక మీ మ్యూట్ సంగతి. 1980 డిసెంబర్‌లో ఎన్‌బీసీ ఒక అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌ని కామెంటేటర్లు లేకుండా, మైదానం శబ్దాలతో, తెర మీద అక్షరాలతో మాత్రమే చూపించింది. మళ్లీ ఆ పని చేయలేదు. మ్యూట్ అయితే అంతకన్నా అన్యాయం, బ్యాట్‌కి బంతి తగిలిన ఆ టక్ శబ్దం కూడా పోతుంది. ఆ శబ్దం విని బంతి ఎంత దూరం పోతుందో చెప్పడం కొన్ని నెలల్లో మీకే అలవాటవుతుంది. టీవీ వాళ్లు నచ్చకపోతే లీగ్ యాప్‌లో బొమ్మకి రేడియో కామెంటరీ జోడించుకునే వీలుంది, అది వాడండి. మామూలు రేడియో పెడితే మాత్రం టీవీ కన్నా ముందే చెప్పేస్తుంది, హోమ్ రన్ చూడకముందే వినేస్తారు. డాలస్‌లో ఉన్నారు కాబట్టి ఎరిక్ నాడెల్ చెప్పిన మ్యాచ్‌లు వెతికి వినండి. 1979లో రేంజర్స్ ప్రసారాల్లో చేరి దశాబ్దాలు ఆ జట్టు గొంతుగా నిలిచిన మనిషి. ఒక వారం వినండి, ఖాళీలో ఏం చూడాలో మీకే తెలుస్తుంది.

బయటి దేశం నుంచి వచ్చినవాళ్లకి ఇది ఇంకా ఎక్కువ అవసరం. హైమే హరీన్ అని డాడ్జర్స్ స్పానిష్ కామెంటేటర్ ఉండేవారు. 1955లో ఈక్వడార్ నుంచి లాస్ ఏంజిలిస్ వచ్చేనాటికి ఆయన బేస్‌బాల్ చూడనేలేదు. నేర్చుకున్నారు. 1959 నుంచి 2022 దాకా చెప్పారు. మొదట్లో బయటి ఊళ్ల మ్యాచ్‌లకి స్టూడియోలో కూర్చుని ఇంగ్లిష్ ప్రసారం వింటూ స్పానిష్‌లో తిరిగి చెప్పేవారు. ఈ ఊళ్లో ఎన్ని స్పానిష్ ఇళ్లకి డాడ్జర్స్ సొంత జట్టయిందో, అందులో ఎక్కువ పుణ్యం ఆయనదే.

మా నాన్న తెనాలిలో మాస్టారుగా చేసి రిటైరయ్యారు. 2012 వేసవిలో ఆరు నెలలు మా దగ్గర ఉన్నారు. బేస్‌బాల్ ఏమిటో తెలియదు. సాయంత్రం ఏడుంపావుకి మ్యాచ్ పెడితే పక్కన కూర్చునేవారు. నాలుగో రోజో ఐదో రోజో అడిగారు, "ఈయన ఎవరితో మాట్లాడుతున్నాడురా? పక్కన ఎవరూ ఉన్నట్టు లేరు."

"నీతోనే నాన్నా," అన్నాను.

ఆయన ఏమీ అనలేదు. టీవీ వైపు కాస్త జరిగి కూర్చున్నారు. నెల తిరిగేసరికి స్కల్లీ గారి గొంతు లేచే తీరుని బట్టి బంతి గోడ దాటుతుందో లేదో నాకన్నా ముందే చెప్పేవారు.

2014 నుంచి డాడ్జర్స్ కొత్త ఛానల్‌కీ కేబుల్ కంపెనీలకీ బేరం కుదరక, ఈ ఊళ్లో చాలా ఇళ్లకి స్కల్లీ గారి చివరి మూడేళ్లు అందలేదు. ఆఖరి ఆరు మ్యాచ్‌లు మాత్రం కేటీఎల్‌ఏ అనే స్థానిక ఛానల్లో అందరికీ చూపించారు. 2016 అక్టోబర్ 2న శాన్‌ఫ్రాన్సిస్కోలో చివరిది, మధ్యాహ్నం మ్యాచ్. తెనాలిలో అర్ధరాత్రి దాటింది. నాన్న నిద్రపోకుండా కూర్చున్నారు, నేను ఫోన్ స్పీకర్లో పెట్టి టీవీ దగ్గర ఉంచాను. జీవితానికి సరిపడా మాట్లాడేశాను, ఆఖరిసారిగా మీ అందరికీ శుభ మధ్యాహ్నం అని స్కల్లీ గారు సెలవు తీసుకున్నారు. అయిపోయింది కదా అని ఫోన్ తీయబోయాను.

"ఉండరా, అక్కడే ఉంచు," అన్నారు నాన్న. "జనం ఇంకా ఉన్నారు."